ఈ వారం సమస్య: తెరను చీల్చ బొమ్మ తేటపడెను

నిర్వాహకుడు, శ్రీకాకుళం:
అందరికీ నమస్కారం. మొన్న సాయంత్రం నాగావళి వంతెన మీద నడుస్తుంటే నా వెనకాల ఇద్దరు కుర్రాళ్లు కొత్త సినిమా గురించి మాట్లాడుకుంటున్నారు. "బొమ్మ బాగున్నాది గానీ హాల్లో తెరే మాసిపోనాది, చింపీసి కొత్తది కట్టాల" అన్నాడొకడు. ఇంటికి చేరేలోగా పాదం నోట్లో పడింది:

తెరను చీల్చ బొమ్మ తేటపడెను

ఇది చివరి పాదంగా ఉంచి, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. మాసిన తెర చింపి కొత్తది కట్టారన్న పూరణ మాత్రం వద్దు, అది ఆ కుర్రాడిది. ఈమధ్య చూసిన సినిమా ఏదో ఒకటి పద్యంలోకి రావాలి. అది మీకెలా అనిపించిందో కింద రెండు ముక్కలు రాయండి.

నాగావళి గట్టు:
చేతి ఫోను లోన చిత్రంబు జూచితి
మసక మసక గాను మబ్బు వోలె
పైన నంటియున్న ప్లాస్టిక్కు పొరయను
తెరను చీల్చ బొమ్మ తేటపడెను

ఓటీటీలో నేరపరిశోధన సినిమా ఒకటి చూశాను. సగం కథ రాత్రిపూటే. ఏమీ కనబడక, ఇలా తీశారేమిటని బాధపడ్డాను. మనవరాలు వచ్చి ఫోను మీది పాత స్క్రీన్‌గార్డు పీకేసింది. మళ్లీ మొదటి నుంచి చూశాను. ఆ చీకటిలో దీపం వెలుగు ఒక్కటీ మొహం మీద పడే దృశ్యాలు ఎంత బాగా తీశారో అప్పుడు తెలిసింది.

గంటస్తంభం, విజయనగరం:
గట్టువారూ, విరుపు మెచ్చుకోదగ్గది. మూడో పాదం చివరి దాకా గుట్టు దాచారు. కానీ రెండో పాదంలో మసక, మసక, మబ్బు మూడూ ఒకటే మాట. అక్కడ ఇంకేదైనా చెప్పవలసింది. మొదటి పాదంలో "జూచితి" ముందు అరసున్న (ఁ) ఏదండీ?

నాగావళి గట్టు:
అరసున్న ఫోనులో దొరకలేదు, "చిత్రంబుఁ జూచితి" అని చదువుకోండి. మసక సంగతి మాత్రం ఒప్పుకోను. సరిగ్గా కనబడకపోతే కళ్లు నులుముకుని మళ్లీ చూస్తాం. అందుకే రెండుసార్లు పడింది.

బొబ్బిలి వీణ:
కట్టు విప్పినాక గదిలోన కూర్చుండి
నాన్న చూచినారు నాటి కథను
ఎంత మేలు సేసె నీ వైద్యుఁ డా కంటి
తెరను చీల్చ బొమ్మ తేటపడెను

నాన్నకు శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక మొదట అడిగిన సినిమా 1955 నాటి కన్యాశుల్కం. గురజాడవారి ఊరి మనిషి కదా, నాటకం చాలాసార్లు చూశారు, చాలా భాగం నోటికి వచ్చు. ఎన్.టి. రామారావు గిరీశం కన్నా నాటకాల గిరీశాలే మేలని ఆయన పట్టు. సావిత్రి మధురవాణి దగ్గరికి వచ్చేసరికి మాట్లాడలేదు. "ఇన్నాళ్లూ గొంతు విన్నానమ్మా, ఆ కళ్లు ఇవాళ చూశాను" అన్నారు. నా అభిప్రాయం కూడా అదే. రామప్పపంతులును ఆడించేటప్పుడు ఆవిడ నోరు నవ్వుతుంది, కళ్లు లెక్క కడుతుంటాయి.

రాజాం కుర్రాడు:
అమ్మా, మూడో పాదంలో మొదటి అక్షరం ఎ కి యతి స్థానంలో "నీ" ఎలా సరిపోయింది?

నిర్వాహకుడు:
సేసెను, ఈ. విడదీసి చూడు తమ్ముడూ. వీణమ్మగారూ, కంటిలోది పొర అంటారు గానీ తెర అనరని ఎవరైనా అనే లోపు నేనే చెబుతున్నా, నాకు అభ్యంతరం లేదు. "కట్టు విప్పినాక" అన్న మొదలే పద్యానికి ప్రాణం.

రాజాం కుర్రాడు:
నాది తొలి పూరణ. తప్పులుంటే దిద్దండి.

తోలుబొమ్మలాట తోపులో చూచితి
దీపం ఆరగానె తెల్లబోతి
ఆటవాడె లేచి యా గుడ్డ లాగుచు
తెరను చీల్చ బొమ్మ తేటపడెను

గంటస్తంభం, విజయనగరం:
బాబూ, "దీపం" దగ్గర ఛందస్సు కాలు జారింది. "దీపమారగానె" అను, నిలబడుతుంది. తెర వెనక బొమ్మను ఊహించడం చక్కగా ఉంది. దీపం ఆరిపోయాక గుడ్డ చింపితే బొమ్మ ఎలా కనబడిందో ఆలోచించు. ఇంతకీ సినిమా ఏది?

రాజాం కుర్రాడు:
దిద్దుకున్నాను మాస్టారూ. మా తాతగారికి బొమ్మలాటే సినిమా కదా అని రాశాను. దీపం సంగతి నాకు తట్టలేదు. తోపులో వెన్నెల పెట్టి మళ్లీ రాస్తాను.

గంటస్తంభం, విజయనగరం:
ఇక నాది. సినిమా తండేల్. 2025 ఫిబ్రవరిలో హాల్లో చూశాను, ఈ వారం మళ్లీ ఇంట్లో చూశాను.

వలస వోయి గంగ వాకిట వలవేసి
చెరను బడిన వారి చేటు గాథ
చూచుచుండ బడవ చొరబడి మున్నీటి
తెరను చీల్చ బొమ్మ తేటపడెను

మున్నీరు అంటే సముద్రం, తెర అంటే అల. మన తీరంలో సరైన జెట్టీలు లేక మనవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు పోతారు. అక్కడి పడవల మీద వెళ్లి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో వాఘా దగ్గర తిరిగొచ్చిన మనవాళ్ల కథ ఆధారం. జైలు భాగం నాకు అంతగా పట్టలేదు, అక్కడివాళ్ల మాటలన్నీ ముందే తెలిసిపోతాయి. సముద్రం మీదికి పడవ దూకిన ప్రతిసారీ మాత్రం సినిమా లేచి నిలబడింది. ప్రేమకథ నిడివి ఎక్కువన్నారు కొందరు. ఒడ్డున ఫోను కోసం ఎదురుచూసే ఆడపిల్ల లేకపోతే అటువైపు చెరసాలకు బరువెక్కడిది?

నిర్వాహకుడు:
"మున్నీటి" మూడో పాదం చివర కూర్చోవడం, దాని వెంట "తెర" రావడం! సమస్యలో బొమ్మ సినిమాగానే ఉంది, తెర ఒక్కటీ మారింది. ఇంత పొందికగా కుదిరిన పూరణ ఈమధ్య రాలేదు.

నాగావళి గట్టు:
పూరణ గొప్పది, సందేహం లేదు. రెండో పాదం దగ్గర ఆగాను. తిరిగొచ్చినవారి కథ చేటు గాథ ఎలా అవుతుంది? "చేదు గాథ" అంటే సరిపోయేది. పోయిన నెల నా "హాలు నిండె గాని ఆటలేదు" మీద మూడు రోజులు సాధించారు గంటస్తంభంవారు, "గాని యాట" అనాలని. ఒక్క యకారం కోసం అంత పట్టుబట్టినవారు ఇక్కడ ఒక్క టకారం చూసుకోలేదే?

గంటస్తంభం, విజయనగరం:
"చేదు" తీసుకుంటున్నాను, కృతజ్ఞతలు. "గాని ఆట" సంగతి ఇప్పటికీ అదే అంటాను. హల్లు లేకుండా రెండు అచ్చులు పక్కపక్కన నిలబడితే చదివేవాడి నోరు అక్కడ తెరుచుకుని ఉండిపోతుంది.

బొబ్బిలి వీణ:
అయ్యా, ఆ పద్యంలో జనం ఆట కోసం ఎదురుచూస్తున్నారు. అక్కడ నోరు తెరుచుకుని ఉండటమే బాగుందని నాకనిపించింది. అప్పుడే చెప్పవలసింది.

బారువ తీరం:
నేను ఎప్పుడూ చదివి ఊరుకుంటాను, రాయను. ఇవాళ రాయాలనిపించింది. మాకు తెర అంటే కెరటం అని పుస్తకాల్లోనే తెలుసు, అది వేరే సంగతి. "చొరబడి" అన్న మాట మార్చండి మాస్టారూ. మావోళ్లు చొరబడలేదు. నీటి మీద గీత ఉండదు. రాత్రి వల వేసి పడుకుంటే గాలి ఎటు తోస్తే అటు పోతాది పడవ. మా చిన్నాన్న ఏడెనిమిదేళ్లు వెరావల్ వెళ్లొచ్చాడు. పట్టుబడలేదు గానీ పక్క పడవలు పట్టుబడ్డ రోజుల్లో మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. సినిమా నాకు బాగా నచ్చినాది. యాస అక్కడక్కడ తప్పినా ఏడుపు తప్పలేదు. యాస కావాలంటే 2020లో వచ్చిన పలాస 1978 చూడాల. గానీ మా ఆడోళ్లు ఒడ్డున కూకున్న తీరు ఇందులోనే సరిగ్గా ఉన్నాది.

గంటస్తంభం, విజయనగరం:
క్షమించు తమ్ముడూ. చూ కి చొ కుదిరిందని మురిసిపోయాను, ఆ మాట ఎవరి మీద పడుతుందో చూడలేదు. మార్చేదాకా ఆ పాదాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. యతి నిలిచే మాట ఇంకా దొరకలేదు.

నాగావళి గట్టు:
చుక్కాని.

చూచుచుండ బడవ చుక్కాని మున్నీటి
తెరను చీల్చ బొమ్మ తేటపడెను

గంటస్తంభం, విజయనగరం:
గట్టువారూ, ఇరవై నిమిషాలు వెతికాను, నాకు రాలేదు. ఆ పాదం మీదే. పద్యం కింద ఇద్దరి పేర్లూ పెట్టమని నిర్వాహకుడిగారికి మనవి.

నిర్వాహకుడు:
అలాగే. "చేదు", "చుక్కాని" రెండూ చేర్చి నా దగ్గరి ప్రతిలో దిద్దాను.

బారువ తీరం:
చిన్నాన్నకు చదివి వినిపించాను. రెండుసార్లు చదవమన్నాడు. "చుక్కాని పడవకి వెనక ఉంటాది, కెరటాన్ని చీల్చేది ముందు మొన కదా, ఎవుడ్రా రాసినోడు?" అన్నాడు. మార్చమని చెప్పనా అంటే కాసేపు ఆగి, "ఒద్దులే. పెద్ద కెరటమొస్తే మేమందరం సూసేది చుక్కాని పట్టినోడి మొహమే" అన్నాడు.