ఆకాశానికి నిచ్చెన: స్పేస్ ఎలివేటర్‌కు ఈ పేరు అతుకుతుందా?

గ్రూపులో అందరికీ నమస్తే. మా కడపలో ఇంజనీరింగ్ పిల్లోళ్లు కొందరు స్పేస్ ఎలివేటర్ (రాకెట్టు లేకుండా భూమి నుంచి అంతరిక్షానికి ఎక్కించే లిఫ్టు ఊహ) మీద ప్రాజెక్టు చేస్తాండారు, తెలుగు రిపోర్టుకు 'ఆకాశ నిచ్చెన' అని పేరు పెట్టినారు. వినేకి బాగుంది గానీ ఆకాశానికి నిచ్చెనలు వేయడం అంటే కాని పనికి ఆశపడటం కదా, ఎగతాళి అయిపోదా?

కామెంటు: ఎగతాళి సంగతి అట్లుండనీ అన్నా, నిచ్చెన అనేదే సగం తప్పు. 1895లో రష్యా శాస్త్రవేత్త ట్సియోల్కోవ్‌స్కీ ఊహించింది నేల మీంచి లేపే టవరు, దానికైతే సరే. 1960లో రష్యా ఇంజనీరు ఆర్ట్సుతానోవ్ దాన్ని తిరగేసినాడు, 35,786 కిలోమీటర్ల ఎత్తున భూస్థిర కక్ష్య (అక్కడుండేది భూమితో పాటే తిరుగుతా ఎప్పుడూ ఒకే చోటు పైనే ఉంటుంది) నుంచి కిందికి తాడు వదలడం, తూకం సరిపోయేకి అవతలికి ఇంకో కొస చాపడం. అంటే నిలబడేది కాదు, వేలాడేది. మా అనంతపురం పక్క లోతు బోర్లలోకి మోటరు దించేది చూసుంటారు కదా, మోటరు బరువూ దిగిన పైపులన్నిటి బరువూ కలిసి పైన క్లాంపు పట్టిన పైపు మీదనే పడుతుంది, ఇదీ అంతే, కక్ష్య దాకా పోయేకొద్దీ లాగుడు పెరుగుతుంది కాబట్టి తాడు అక్కడ బాగా లావు, రెండు కొసలా సన్నం. నేల దగ్గరి కొస కంటే అక్కడ ఎన్ని రెట్లు లావు (అడ్డంగా కోస్తే వచ్చే వైశాల్యంలో) అనేదే అసలు లెక్క. బలం తక్కువై సాంద్రత ఎక్కువైతే అది ఘాతాల్లో ఎగబాకుతుంది, ఉక్కుతో వేస్తే 1 పక్కన 30కి పైనే సున్నాలు వస్తాయి, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే కెవ్లార్ నారతో కోట్లలో, కార్బన్ నానోట్యూబులకు (కార్బన్ పరమాణువులతో అయిన అతి సన్నటి గొట్టాలు) పుస్తకంలో ఉండే బలం వేస్తే రెండింతలకు అటూఇటూ.

కామెంటు: అట్లైతే 'మోకు' అనొచ్చు గదా? ఆకాశ మోకు.

కామెంటు: మోకు బాగుందక్కా, కాకపోతే మోకంటే పేనింది. 2013లో చైనా వాళ్లు పెంచిన నానోట్యూబే అర మీటరు చిల్లర, అది అప్పట్లో రికార్డు, దాన్ని పెట్టుకుని వేల కిలోమీటర్లు పేనేది యాడ! డిజైన్లలో ఎక్కువగా పల్చటి పట్టీ మాదిరే చూపిస్తారు. నేనైతే ఉత్త 'తాడు' అంటా.

పేరు ఏదైనా పెట్టుకోనీ, రిపోర్టులో స్ట్రెస్‌ను మాత్రం 'ఒత్తిడి' అని రాయొద్దని చెప్పండి. ఒత్తిడంటే నొక్కుడు, ఇక్కడుండేది లాగుడు. టెన్షన్‌కు తన్యత, స్ట్రెస్‌కు ప్రతిబలం అని ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది, అవే వాడమనండి.