వాన పడితే డ్రైవర్ కాళ్ల దగ్గర నీళ్లు: తలుపు నుంచేనా, ఎలా కనిపెట్టాలి?

ప్రశ్న (కాకినాడ నుంచి)

నమస్కారం. మాది ఎనిమిదేళ్ల పాత చిన్న కారు. మూడు వారాలుగా గట్టి వాన పడిన ప్రతిసారీ డ్రైవర్ సీటు ముందు మ్యాటు కింద తడి కనిపిస్తోంది. మొదట చెప్పుల తడి అనుకున్నాము. మొన్న రాత్రంతా కురిసింది. తెల్లవారి కాలు పెట్టి నొక్కితే కార్పెట్ లోంచి నీళ్లు పైకి ఉబికాయి. వెనక సీటు దగ్గర కూడా కుడివైపు చెమ్మగా ఉంది. ఎడమవైపు అంతా పొడిగానే ఉంది.

దగ్గరలోని దుకాణంలో చూపిస్తే నాలుగు తలుపుల బీడింగులూ మార్చాలన్నారు. నేను చూస్తే తలుపు చుట్టూ ఉన్న ఆ రబ్బరు ఎక్కడా చీలినట్టు లేదు. ఇంకొక విషయం, పనికొస్తుందో లేదో తెలియదు: ఏప్రిల్‌లో డ్రైవర్ వైపు తలుపు అద్దం పైకి ఎక్కడం మానేస్తే ఒక షెడ్డులో బాగు చేయించాము.

మా అమ్మగారికి ఉబ్బసం. కారు ఎక్కగానే ముక్కిన వాసనకు దగ్గు మొదలవుతోంది. ఆసుపత్రికి తీసుకువెళ్లేది ఈ కారులోనే. అందుకే త్వరగా తేల్చుకోవాలని ఉంది. దయచేసి దారి చెప్పండి.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

బీడింగులు మాత్రం అప్పుడే కొనకండి. నిరుడు నేను ఇదే సలహా విని రెండు తలుపులకు కొత్తవి వేయించాను. తరువాతి వానకు మళ్లీ అదే చోట మడుగు. కారణం వేరే ఉందని తరువాత తెలిసింది. ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో కళ్లారా చూడండి.

జవాబు (వరంగల్ నుంచి, టింకరింగ్ పనిలో ఇరవై రెండేళ్లు)

అమ్మా, మీరు చివర్లో చెప్పిన ఆ అద్దం మరమ్మతే అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఎందుకో చెప్పాలంటే తలుపు లోపల ఏముంటుందో చెప్పాలి.

వాన నీరు తలుపు లోపలికి రాకూడదని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రతి వానలోనూ వస్తుంది. అద్దం దిగే చోట బయట ఒక రబ్బరు పట్టీ ఉంటుంది కదా, అది నీటిని చాలావరకు తుడుస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. మిగిలిన నీరు అద్దం వెంట జారి తలుపు రేకుల మధ్య పడుతుంది, అడుగు అంచున ఉన్న రెండు మూడు చిన్న రంధ్రాల గుండా రోడ్డు మీదికి కారిపోతుంది. తలుపును తయారు చేసిందే అలా. అంటే తలుపులో సగం తడి ఇల్లు, సగం పొడి ఇల్లు. ఆ రెండింటి మధ్య గోడ ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు. మీకు కనిపించే డోర్ ప్యాడ్ వెనుక, రేకుకు నల్లటి జిగురుతో అతికించి ఉంటుంది. ఆ జిగురు పేరు బ్యూటైల్. ఏళ్లు గడిచినా ఎండిపోకుండా మెత్తగానే ఉంటుంది.

అద్దం ఎక్కించే యంత్రం మార్చాలంటే ఈ షీటు లాగక తప్పదు. తొందరలో చించేసేవారున్నారు, దుమ్ము పట్టిన జిగురు మీదే మళ్లీ నొక్కి వదిలేసేవారున్నారు, అసలు తీసి పారేసేవారూ ఉన్నారు. కొత్త స్పీకర్లు బిగించేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. షీటు అడుగున నోరు తెరుచుకుంటే నీరు రంధ్రాల దాకా వెళ్లదు. డోర్ ప్యాడ్ వెనుక నుంచి దిగి, బీడింగుకు లోపలివైపున గుమ్మం మీద చుక్కలుగా పడుతుంది. అక్కడినుంచి కార్పెట్ కిందికి పోతుంది. బీడింగు ఎంత కొత్తదైనా ఈ నీటిని ఆపలేదు, ఎందుకంటే నీరు అప్పటికే దాన్ని దాటి వచ్చింది.

నీరు పల్లమెరుగు అంటారు. పెంకుటింట్లో పెంకు పగిలిన చోట ఒకటి, చుక్క పడే చోట ఒకటి. కారులోనూ అంతే. కార్పెట్ ఎక్కడ తడిసిందో చూసి నిర్ణయానికి రాకండి. కారు నిలిపిన నేల వాలును బట్టి నీరు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి నడుస్తుంది. మీ వెనక సీటు దగ్గరి చెమ్మ బహుశా ముందు తలుపుదే.

ఇప్పుడు పరీక్ష. డబ్బు ఖర్చు లేనిదే ముందు చేయండి. తలుపు తెరిచి మోకాళ్ల మీద కూర్చుని అడుగు అంచు చూడండి. రంధ్రాలు మట్టితోనో, కింద కొట్టించిన తుప్పు నిరోధక నల్లరంగుతోనో పూడిపోయి ఉండవచ్చు. వైర్లు కట్టే ప్లాస్టిక్ కట్టుపట్టీ (కేబుల్ టై) కొసతో మెల్లగా తిప్పి తీయండి. ఇనుప తీగ వద్దు. లోపలి రంగు గీరుకుపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. తీసిన వెంటనే నీళ్లు ధారగా పడ్డాయంటే సగం సంగతి తెలిసినట్టే.

తరువాత కారును సమతలంగా ఉన్న చోట నిలిపి, గుమ్మం మీద, కార్పెట్ మీద పాత వార్తాపత్రికలు పరవండి. లోపల ఒకరు టార్చిలైటు పట్టుకుని కూర్చోవాలి. బయట ఒకరు సన్నటి ధారతో నీళ్లు వదలాలి. కార్లు కడిగే ప్రెషర్ గొట్టం వాడవద్దు, ఆ ఒత్తిడికి ఏ లోపం లేని కారులోనూ నీరు దూరుతుంది. మొదలు పెట్టవలసింది కింది నుంచి: ముందు గుమ్మం, కాసేపాగి తలుపు మధ్య భాగం, తరువాత అద్దం అడుగు పట్టీ, చివరికి పైకప్పు అంచు. ఒక్కొక్క చోట ఐదు నిమిషాలైనా ఇవ్వండి. పైనుంచి మొదలు పెడితే నీరు అన్ని చోట్లా జారుతుంది, దారి ఏదో చెప్పడం ఎవరివల్లా కాదు.

అద్దం అడుగున పోసినప్పుడు గుమ్మం మీది కాగితం తడిస్తే దోషం షీటుది. తలుపు పై అంచున, పక్కన పోసినప్పుడే తడిస్తే బీడింగుది. బీడింగు మీద అనుమానం ఉంటే పది రూపాయల నోటు తలుపుకు, బీడింగుకు మధ్య పెట్టి మూసి లాగండి. చుట్టూ అన్ని చోట్లా ఒకే బిగువు ఉండాలి. ఒక్క చోట సులువుగా జారి వస్తే అక్కడ తలుపు సరిగా నొక్కుకోవడం లేదు. అప్పుడు కూడా వెంటనే కొత్త రబ్బరు అవసరం ఉండదు. తలుపు తాళం కొక్కెం పట్టుకునే కమ్మీని ఒక మిల్లీమీటరు లోపలికి జరిపితే సరిపోయిన కార్లు చాలా చూశాను. జరిపే ముందు దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసుకోండి, తేడా వస్తే పాత చోటికి తీసుకురావచ్చు.

జవాబు (హైదరాబాద్ నుంచి)

పైన చెప్పినదానికి ఒక చేర్పు. ఇది చదివేవారిలో ఎడమవైపు ముందు మాత్రమే తడి కనిపించేవారు ఉంటే, తలుపు ఊడదీయకముందు ఏసీ నీరు బయటికి పోయే గొట్టం చూడండి. వాన లేని రోజున, ఏసీ వేసుకుని గంట ప్రయాణం చేశాక కూడా తడి వస్తే అది వాన నీరు కాదు. ఏసీ నడుస్తుంటే కారు కింద చుక్కలు పడాలి. పడడం లేదంటే ఆ గొట్టం మూసుకుపోయింది. మా కారులో అదే అయింది. ఇంకొకటి: తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం. అప్పుడు నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లాలి.

జవాబు (విజయవాడ నుంచి)

మా అనుభవం కూడా చెబుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు మా వీధిలో నిలిచాయి. కారులో గుమ్మం పైదాకా వచ్చాయి. లోపలంతా విప్పి శుభ్రం చేయించాము, కాని తలుపుల కడుపులో చేరిన ఒండ్రు గురించి ఎవరికీ తట్టలేదు. మరుసటి వానకాలంలో తలుపు తెరిచి మూస్తే నీళ్లు కదిలిన చప్పుడు. ఎండిన ఒండ్రు అడుగు రంధ్రాలను సిమెంటులా పూడ్చేసింది. వరదలో నిలిచిన కారు ఉన్నవారు తప్పకుండా డోర్ ప్యాడ్లు విప్పించి తలుపుల అడుగు కడిగించండి. మేము ఆలస్యం చేసినందుకు ఒక తలుపు అంచును తుప్పు తినేసింది.

ప్రశ్న అడిగినవారు (కాకినాడ)

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం నేను, మా తమ్ముడు కలిసి పరీక్ష చేశాము. రంధ్రాలలో ఒకటి మూసుకుపోయి ఉంది, శుభ్రం చేశాము. గుమ్మం దగ్గర పోసినా, మధ్యలో పోసినా కాగితం పొడిగానే ఉంది. అద్దం అడుగు పట్టీ మీద చెంబుతో పోస్తుంటే మూడో నిమిషంలో డోర్ ప్యాడ్ కింది మూల నుంచి ధార. తమ్ముడు ఫోనులో వీడియో తీశాడు.

వరంగల్ వారికి: డోర్ ప్యాడ్ మేమే విప్పవచ్చా? కొత్త షీటు దేనితో చేయాలి? సిలికాన్ ట్యూబు ఇంట్లో ఉంది, సరిపోతుందా?

జవాబు (వరంగల్)

విప్పవచ్చు. ఓపిక కావాలి, బలం అక్కరలేదు. ముందుగా మీ కారుకు సరిపడే క్లిప్పులు పది కొని పెట్టుకోండి. పాతవి రెండు మూడు విరగక మానవు. లోపలి హ్యాండిల్ వెనుక, చేయి ఆనించే గుంట అడుగున చిన్న మూతల కింద స్క్రూలుంటాయి. ప్రతి దశలో ఫోటో తీసుకోండి. స్క్రూలన్నీ వచ్చాక ప్యాడ్‌ను అడుగు నుంచి ప్లాస్టిక్ పలకతో ఊడదీస్తూ, చివరికి పైకి ఎత్తాలి. స్విచ్చుల వైర్లు, తాళం తీగ తగిలి ఉంటాయి, ఒక్కసారిగా లాగవద్దు. కొన్ని కార్లలో పక్కనుంచి గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగును పిలిచే సెన్సర్ తలుపులోనే ఉంటుంది. అది తలుపు లోపలి గాలి ఒత్తిడిని బట్టి పనిచేసే రకమైతే షీటుకు బెజ్జం ఉండడం నీటికే కాదు, ప్రాణానికీ మంచిది కాదు. అందుకే బ్యాటరీ తీగ విప్పి పది నిమిషాలు ఆగి పని మొదలు పెట్టండి, విప్పిన వైర్లన్నీ మళ్లీ కలిపే వరకు బ్యాటరీ తీగ కలపవద్దు, తాళంచెవి తిప్పవద్దు.

సిలికాన్ వద్దు. పుల్లటి వాసన వచ్చే రకం రేకును తినేస్తుంది. పైగా రేపు మళ్లీ అద్దం చెడితే దాన్ని గీకి తీయడం నరకం. ప్యాకింగు టేపు కూడా వద్దు, మన ఎండకు దాని జిగురు ఒక్క వేసవి ఆగదు. కారు విడిభాగాల దుకాణంలో బ్యూటైల్ టేపు చుట్ట అడగండి. పాత షీటు చినగకుండా ఉంటే అదే వాడవచ్చు. చినిగి ఉంటే దాన్నే నమూనాగా పెట్టి మందపాటి పాలిథిన్ కత్తిరించుకోండి.

రేకు మీది దుమ్ము, పాత జిగురు మీది మట్టి తుడిచి, పూర్తిగా ఆరాక ఆ బ్యూటైల్ పట్టీ వేయండి. కింది అంచు, రెండు కింది మూలలు, ఈ భాగంలో పట్టీ ఎక్కడా తెగకూడదు. నీటి మట్టుకైతే పైన వేలెడు సందు ఉన్నా పెద్ద నష్టం లేదు (ఆ ఒత్తిడి సెన్సర్ ఉన్న కారులో మాత్రం పైన కూడా సందు వదలవద్దు), కింద సూది మోపినంత సందున్నా నీరు వెతుక్కుంటూ వస్తుంది. చాలా కార్లలో షీటు కింది కొస రేకులోని సన్నటి చీలిక గుండా తడి వైపుకు దిగి ఉంటుంది. అది తిరిగి లోపలికే దోపాలి, బయటికి వేలాడితే నీటిని మీరే ఇంట్లోకి పిలిచినట్టు. జిగురు గట్టిగా అనిపిస్తే జుట్టు ఆరబెట్టే యంత్రంతో కాస్త వెచ్చచేసి, గాజు సీసా దొర్లించి నొక్కండి.

ప్యాడ్ బిగించే ముందే మళ్లీ అద్దం మీద చెంబుతో నీళ్లు పోసి చూడండి. ఈ పని మరిచి అంతా బిగించి, మళ్లీ విప్పినవారు నా దగ్గరికి చాలామంది వచ్చారు.

ప్రశ్న అడిగినవారు (కాకినాడ)

విప్పాము. మీరు చెప్పినట్టే ఉంది. షీటు కింది సగం రేకును వదిలేసి మడత పడి ఉంది, కొస చీలికలోకి కాక బయటికి వచ్చి ఉంది. దాని మీద నీరు జారిన గీతలు కూడా తెల్లగా కనిపించాయి. పాత షీటు బాగానే ఉంది. శుభ్రం చేసి కొత్త బ్యూటైల్ పట్టీ వేశాము. పావుగంట నీళ్లు పోశాము. ఒక్క చుక్క లోపలికి రాలేదు, అంతా అడుగు రంధ్రాల నుంచే పోయింది. నిన్న రాత్రి మంచి వాన పడింది, ఉదయం గుమ్మం మీది కాగితం పొడిగా ఉంది. అది చూసి అమ్మ కళ్లలో సంతోషం చెప్పలేను.

కాని వాసన ఇంకా పోలేదు. మ్యాట్లు ఎండలో వేశాము. ఇంకేమి చేయాలి?

జవాబు (రాజమహేంద్రవరం)

మ్యాట్లు కాదు, కార్పెట్ అడుగున చేతి మందాన స్పాంజి లాంటి పొర ఉంటుంది. నీళ్లన్నీ దాచుకునేది అదే. పైన తాకితే పొడిగా ఉంటుంది, కింద వారాల తరబడి తడి అలాగే ఉంటుంది. కొన్నప్పుడు కార్పెట్ మీద రెక్సిన్ ఫ్లోరింగ్ వేయించి ఉంటే దాన్ని కూడా తీయాలి, అది ఆవిరిని బయటికి పోనివ్వదు. గుమ్మం మీది ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ అంచు ఎత్తి, కింద చెక్కముక్కలు పెట్టి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచండి. మేము నాలుగు రోజులు అలా ఉంచాము. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లుంటే అవి ఎయిర్‌బ్యాగువి, ముట్టుకోవద్దు.

జవాబు (వరంగల్)

ఆ స్పాంజిని పాత తువ్వాలుతో గట్టిగా నొక్కి చూడండి. తువ్వాలుకు చెమ్మ అంటినన్ని రోజులు కార్పెట్ దించవద్దు. ఎత్తినప్పుడే నేల రేకు మీద తుప్పు మచ్చలున్నాయేమో చూసి, ఉంటే గీకి ప్రైమర్ పూయించండి. బూజు పట్టిన చోట సబ్బు నీటితో రుద్ది తుడవండి, సెంటు సీసాలు పెట్టి వాసన కప్పిపుచ్చవద్దు. ఉబ్బసం ఉన్నవారికి ఆ సెంట్లు ఇంకా ఇబ్బంది. పూర్తిగా ఆరేవరకు అమ్మగారిని వేరే బండిలో తీసుకువెళ్లండి. షెడ్డువారికి కూడా ఒకసారి ఈ ఫోటోలు చూపించండి, మరో కారుకు ఇలా జరగకుండా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు (కాకినాడ)

అలాగే చేస్తాను. కార్పెట్ ఎత్తాము, డ్రైవర్ సీటు కింది స్పాంజి పిండితే దాదాపు అరలీటరు నీళ్లు వచ్చాయి. రేకు మీద తుప్పు లేదు. ఫ్యాను పెట్టాము.