కలకత్తా నిక్కీ టాయ్స్ కార్ల విలువను ఎలా అంచనా వేయాలి?

బరంపురం సభ్యుడు:
అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి, పదవీ విరమణ తరువాత బరంపురంలో స్థిరపడ్డారు. ఉద్యోగంలో ఉండగా తన పిల్లల కోసం కలకత్తాలో కొన్న లోహపు బొమ్మకార్లు ఇప్పుడు నా చేతికి వచ్చాయి. వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చినది జాగ్వార్ మార్క్ 10. దాని వెనుక డిక్కీ తెరుచుకుంటుంది, అడుగున నిక్కీ టాయ్స్ అని ఉంది. అట్టపెట్టె లేదు, అంచుల దగ్గర రంగు పెచ్చులుగా ఊడింది. ఇక్కడ పాత సామాను కొనే వర్తకుడొకరు ఇవి ఇంగ్లండు డింకీ కార్లకు నకళ్లని చెప్పి చాలా తక్కువకు అడుగుతున్నారు. కొత్తగా రంగు వేయిస్తే మంచి ధర పలుకుతుందని ఒక మిత్రుడు అంటున్నారు. ఇవి నిజంగా నకళ్లేనా, రంగు వేయించవచ్చా, విలువకు దేనిని ఆధారంగా తీసుకోవాలి అన్నది అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

పర్లాకిమిడి సభ్యుడు:
ముందుగా ఒక్క మాట: ఎవరెంత చెప్పినా రంగు మాత్రం వేయించకండి. ఇక నకళ్లన్న మాట సరికాదు. లివర్‌పూల్‌లోని మెకానో సంస్థ 1930ల నుంచి డింకీ బొమ్మలు తయారుచేసింది. అక్కడ తయారీ ఆపేసిన కొన్ని నమూనాల అచ్చులు 1960ల చివర్లో మన దేశానికి వచ్చాయి. వాటితోనే కలకత్తాలో నిక్కీ పేరుతో కార్లు పోతపోశారు. అంటే మీ జాగ్వార్ పుట్టింది డింకీ అచ్చులోనే. చాలా వాటిలో అడుగు పలక మీద డింకీ పేరును చెరిపి నిక్కీ పేరు చేర్చిన జాడ భూతద్దంతో చూస్తే కనబడుతుంది. అచ్చులు అప్పటికే అరిగి ఉండటం వల్ల తలుపుల గీతలు కొంత మొద్దుబారి ఉంటాయి, రంగు కూడా ఇంగ్లండు కార్లంత నున్నగా ఉండదు. కాబట్టి రంగు ముతకగా ఉన్నంత మాత్రాన అది తరువాత ఎవరో పూసినదని అనుకోనక్కరలేదు. లివర్‌పూల్ కర్మాగారం 1979లో మూతపడింది. మన దేశంలో తయారైన ఈ కార్ల కోసం విదేశాల్లో ప్రత్యేకంగా వెతికే సేకర్తలున్నారన్న సంగతి ఆ వర్తకుడికి తెలియకపోవచ్చు, తెలిసీ చెప్పకపోవచ్చు.

రాయగడ సభ్యుడు:
పై సభ్యుడు చెప్పినదంతా నిజమే. అయితే నకలు కాదని తేలినంత మాత్రాన విలువ దానంతటదే పెరగదు. పాతదైతే చాలు, ఖరీదైనదే అన్న అపోహ మనవాళ్లలో బలంగా ఉంది. కొనేవారు చూసేది వస్తువు ఎంతవరకు తయారైననాటి రూపంలోనే ఉందన్నది. కారును తిరగేసి, అడుగు పలకను పట్టి ఉంచే రివెట్లను పరిశీలించండి. వాటిని డ్రిల్లుతో తొలిచిన గుర్తు గానీ, రివెట్టుకు బదులు స్క్రూ గానీ కనిపిస్తే, ఎవరో కారును విప్పి రంగు మార్చారనో, భాగాలు మార్చారనో అనుమానించాలి. అయస్కాంతం పెట్టి చూడండి: జింక్ మిశ్రమంతో పోసిన బాడీకి అది అంటదు, రేకుతో చేసిన అడుగు పలకకు అంటుతుంది. అసలు అట్టపెట్టె ఉంటే ధర బాగా పెరుగుతుంది, కానీ ఇప్పుడు కొత్తగా ముద్రించిన పెట్టెలు అమ్ముతున్నారు కనుక పెట్టె కోసం విడిగా డబ్బు పెట్టవద్దు. ఆన్‌లైన్‌లో అమ్మేవారు అడిగే ధరలను లెక్కలోకి తీసుకోకండి. అదే నమూనా, అదే రంగు, దాదాపు అదే స్థితిలో ఉన్న కారు నిజంగా ఎంతకు అమ్ముడుపోయిందో అదే ఆధారం. ఇలాంటి అమ్మకాలు తక్కువగా జరుగుతాయి కనుక ఒక కచ్చితమైన అంకె దొరకదు, ఇంత నుంచి ఇంత వరకు అన్న అంచనాయే దొరుకుతుంది.

ఇదే సందర్భంలో మరో మాట. హాట్ వీల్స్ కార్ల అడుగున ఉండే సంవత్సరం ఆ నమూనాకు కాపీరైట్ తీసుకున్న ఏడాది, కారు తయారైన ఏడాది కాదు. దాన్ని చూసి నిన్నమొన్నటి కారుకు పాతకారు ధర ఇచ్చేవారిని ఎందరినో చూశాను.

గుణుపురం సభ్యుడు:
అమ్మే ఆలోచన ఉన్నా లేకపోయినా ముందు లోహాన్ని పరీక్షించండి. జింక్ మిశ్రమంలో సీసం వంటి మలినాలు కలిసి ఉంటే, ఏళ్లు గడిచేకొద్దీ లోపలి నుంచే సన్నని బీటలు పుట్టి, బాడీ ఉబ్బి, చివరికి ముక్కలవుతుంది. దీనికి మరమ్మతు లేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన డింకీల్లో ఇది ఎక్కువ. మీ కార్లు తరువాతి కాలానివే అయినా పైకప్పును, చక్రాల దగ్గరి అంచులను వెలుతురులో చూసుకోవడం మంచిది. బరంపురం గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి కనుక ఇరుసులు, అడుగు పలక తుప్పు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు వేసిన మూతపెట్టెలో, ఎండ తగలని చోట ఉంచండి. సబ్బునీళ్లు, పాలిష్ వాడవద్దు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

బరంపురం సభ్యుడు:
అందరికీ ధన్యవాదాలు. జాగ్వార్ రివెట్లు చెక్కుచెదరలేదు, బీటలేవీ కనబడలేదు, అడుగు పలకకు అయస్కాంతం అంటుతోంది. రంగు వేయించే ఆలోచన మానుకున్నాను. వర్తకుడికి ఇప్పుడే అమ్మనని చెప్పాను. మిగతా కార్ల అడుగుభాగాల ఫొటోలు ఆదివారం ఇక్కడే పెడతాను. ఏది నిక్కీ, ఏది కాదు అన్నది చూసి చెప్పగలరు.