ఉద్దానం సర్వేపై రాసే పేపరులో ఎవరి పేర్లు ఉండాలి?

మందస, ప్రస్తుతం బెల్జియం:

పెద్దలందరికీ నమస్కారం. పీహెచ్‌డీ కోసం ఈ మధ్యనే ఇక్కడికి వచ్చాను. ఎం.ఎస్సీ. చదివేటప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి మండలంలోని కొన్ని ఊళ్లలో కిడ్నీ వ్యాధిపై సర్వే చేసి, తాగునీరు, పొలం పని వేళలు, నొప్పి మాత్రల వాడకం వంటి వివరాలతో పాటు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షల ఫలితాలు కూడా సేకరించాను. దానిని పేపరుగా రాయమని ఇక్కడి ప్రొఫెసరు గారు ప్రోత్సహిస్తున్నారు. సంగతి తెలిసిన మా పాత గైడు గారు తమ పేరుతో పాటు విభాగాధిపతి గారి పేరు, మరొక సహోద్యోగి పేరు కూడా చేర్చాలని వాట్సాప్‌లో సందేశం పెట్టారు. ఆ ఇద్దరూ ఈ పనిని ఏనాడూ చూసినవారు కారు. ఇదిలా ఉండగా, ఐదు రోజుల్లో ప్రచురిస్తామంటూ ఒక అంతర్జాతీయ జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. రెండు మూడు జర్నళ్లకు ఒకేసారి పంపి, ముందు ఒప్పుకున్నవారికి ఇచ్చేయమని రూమ్మేటు అంటున్నాడు. ఏం చేయమంటారు?

బొబ్బిలి, ప్రస్తుతం స్వీడన్:

బాబూ, మీరు అడిగినవాటిలో తేలికైనవి ముందు తేల్చేద్దాం. ఒకే పేపరును ఒకే సమయంలో రెండు జర్నళ్లకు పంపకూడదు. పంపేటప్పుడే "ఇది మరెక్కడా పరిశీలనలో లేదు" అని మీ చేత టిక్కు పెట్టిస్తారు కాబట్టి, అక్కడే అబద్ధం ఆడినట్టు అవుతుంది. ఒక జర్నల్ తిప్పి పంపాకే రెండోదానికి పంపాలి. దీనివల్ల నెలలు గడుస్తాయన్నది నిజమే గానీ, దానికి దగ్గరి దారి లేదు.

ఐదు రోజుల మెయిల్‌కు జవాబే ఇవ్వకండి. తోటి పరిశోధకులు చదివి అభిప్రాయం రాయడానికే కొన్ని వారాలు పడుతుంది, అలాంటిది ఐదు రోజుల్లో జరిగేది డబ్బు వసూలు ఒక్కటే. ఇటువంటి వ్యాపారం మన గడప దాకా వచ్చిందనడానికి ఒక ఉదాహరణ చెబుతాను. హైదరాబాదు కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఒక సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సరైన సమీక్ష లేకుండానే ప్రచురించడం, ఫీజుల సంగతి ముందుగా చెప్పకపోవడం వంటి ఆరోపణలపై 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది. జర్నల్ వెబ్‌సైటులో కోప్ ముద్ర కనబడితే నమ్మేయకండి. కోప్ అంటే ప్రచురణ నైతికత కోసం 1997లో బ్రిటన్‌లో సంపాదకులు పెట్టుకున్న కమిటీ. ఆ కమిటీ సొంత వెబ్‌సైటులో సభ్యుల జాబితా ఉంటుంది, అందులో ఈ జర్నల్ పేరు ఉందో లేదో చూసుకోవాలి. అయితే పేరున్న సంస్థ అయినంత మాత్రాన అంతా భద్రమని కూడా అనుకోకండి. వైలీ అనే పెద్ద ప్రచురణ సంస్థ చేతిలో అప్పట్లో ఉన్న హిందావీ జర్నళ్ల నుంచే 2023లో ఎనిమిది వేలకు పైగా పేపర్లను వెనక్కు తీసుకోవలసి వచ్చింది.

ఇక అసలు చిక్కు పేర్లది. వైద్య, ఆరోగ్య రంగంలో ఎక్కువ జర్నళ్లు అనుసరించేది ఐసీఎంజేఈ అనే వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమాలనే. 1978లో వాంకూవర్‌లో సమావేశమైన సంపాదకుల బృందమే తరువాత ఆ కమిటీ అయింది. రచయిత అనిపించుకోవాలంటే నాలుగు షరతులూ కలిసి తీరాలని వారు చెబుతారు: అధ్యయనాన్ని రూపొందించడంలోనో, సమాచారం సేకరించి విశ్లేషించడంలోనో గణనీయమైన పాత్ర ఉండాలి, రాయడంలోనో, రాసినదాన్ని లోతుగా సరిదిద్దడంలోనో పాలు ఉండాలి, చివరి ప్రతిని ఆమోదించాలి, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే సమాధానం చెప్పే బాధ్యత తీసుకోవాలి. ఈ నాలుగోది 2013లో చేర్చారు. విభాగాధిపతి కావడం, గది ఇవ్వడం, నిధులు తేవడం వంటివి వీటిలో ఏ ఒక్కదానికీ సరిపోవు. కాబట్టి ఆ ఇద్దరి పేర్లూ పెట్టకూడదు.

అయితే మీ గైడు గారి సంగతి వేరు. ప్రశ్నావళి తయారీలోనో, ఊళ్ల ఎంపికలోనో ఆయన పాత్ర ఉంటే, కోపం వచ్చిందని ఆయన్ను తీసేయడం కూడా అంతే తప్పు. మొదటి షరతు తీరినవారికి పేపరును చదివి, దిద్ది, ఆమోదించే అవకాశం ఇచ్చి తీరాలని అవే నియమాలు చెబుతున్నాయి. ఇదే కొలత మీ బెల్జియం ప్రొఫెసరు గారికీ పెట్టండి. మనవాళ్లు పేర్లు చేర్చమంటే దుర్మార్గమనీ, తెల్లవారు అడిగితే సంప్రదాయమనీ అనుకునే అలవాటు కొత్తగా వచ్చినవారిలో నేను చూస్తూనే ఉన్నాను. విశ్లేషణలో ఆయన కూర్చుంటే ఆయన రచయితే. ల్యాబు పేరు మాత్రమే ఇస్తే కారు.

ఇదంతా పేపరు పంపకముందే ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తేల్చుకోండి. పంపిన తరువాత పేరు చేర్చాలన్నా తీయాలన్నా రచయితలందరి సమ్మతీ అడుగుతారు. తగవు వస్తే జర్నల్ తీర్పు చెప్పదు, మీ విశ్వవిద్యాలయాలనే తేల్చుకోమంటుంది.

పలాస, ప్రస్తుతం ఐర్లండ్:

అక్క గారు చెప్పినదంతా సరైనదే. కానీ తమ్ముడూ, పేర్లకంటే ముందు చూసుకోవలసినది మరొకటి ఉంది. నువ్వు ఆ ఊళ్లలో తీసుకున్న సమ్మతి పత్రం ఒకసారి బయటకు తీసి చదువు. "ఈ వివరాలు ఎం.ఎస్సీ. అధ్యయనానికి మాత్రమే వాడతాము" అని అందులో ఉంటే, వాటితో నేరుగా బెల్జియంలో పేపరు రాయడానికి వీల్లేదు. అప్పట్లో ఆమోదం ఇచ్చిన ఎథిక్స్ కమిటీకి మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఆ కమిటీ ఆమోదం సంఖ్యను జర్నల్ ఎలాగూ అడుగుతుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం చదువురానివారు వేలిముద్ర వేసిన చోట, సంబంధం లేని సాక్షి సంతకం కూడా ఉండాలి. అది ఉందో లేదో పత్రం పత్రం తిప్పి చూడు. విదేశీ సంస్థతో కలిసి చేసే ఆరోగ్య పరిశోధనకు మన ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి అవసరమవుతుంది కాబట్టి, ఫైలును అటాచ్ చేసి మీ ప్రొఫెసరుకు పంపే ముందే ఆ సంగతి అడిగి తెలుసుకో.

మరొక మాట. పేర్లు తీసేశాం కదా అని ధీమాగా ఉండకు. నీ పట్టికలో "58 ఏళ్లు, స్త్రీ, జీడిపప్పు ఫ్యాక్టరీ కూలీ, ఇద్దరు సోదరులు డయాలసిస్‌లో" అని ఒక వరుస ఉందనుకో. ఆ పేపరును లండన్‌లో చదివేవారికి ఆమె ఎవరో తెలియదు. ఊరి పేరు పక్కనే ఉంటే మాత్రం సోంపేట బస్సులో కూర్చున్న ఎవరైనా ఆమె ఇల్లు చూపిస్తారు. ఉద్దానం ఊళ్లకు సంబంధం కలుపుకోవడానికి వెనకాడే మాటలు మనం వింటూనే ఉన్నాం. ఊళ్ల పేర్లకు బదులు మండలం స్థాయిలో ఆగి, వయసులను పదేళ్ల వర్గాలుగా చూపిస్తే శాస్త్రానికి నష్టం లేదు. ఒకే సర్వేను నీటికి ఒక పేపరు, మాత్రలకు ఒక పేపరు, పనివేళలకు ఒక పేపరు అని ముక్కలు చేసి లెక్క పెంచుకోవాలన్న ఆలోచన ఉంటే, అది కూడా మానుకో.

మందస, ప్రస్తుతం బెల్జియం:

చాలా కృతజ్ఞతలు. పత్రాలు ఇంటి దగ్గర బీరువాలో ఉన్నాయి, స్కాన్ చేసి పంపమని నాన్నకు చెప్పాను. గైడు గారికి ఎలా రాయాలన్నదే భయంగా ఉంది. రేపు ఆయన సిఫారసు లేఖ అవసరం పడవచ్చు. పైగా పేపరు ఇంగ్లీషును చాట్‌బాట్ చేత దిద్దించుకోవచ్చా? మాతో ఇంటింటికీ తిరిగిన ఆశా కార్యకర్త పేరు ఎక్కడ పెట్టాలి?

బొబ్బిలి, ప్రస్తుతం స్వీడన్:

వాట్సాప్‌లో వాదనకు దిగకండి, ఈమెయిల్ రాయండి. నేనైతే ఇలా రాస్తాను: "గౌరవనీయులైన గురువుగారికి నమస్కారములు. ప్రశ్నావళి రూపకల్పనలో మీరు చేసిన కృషి వల్లనే ఈ అధ్యయనం సాధ్యమయింది. మేము పంపదలచిన జర్నల్ ప్రతి రచయిత పాత్రనూ విడివిడిగా అడిగి, సంతకం తీసుకుంటున్నది. ఆ ఫారమును, ముసాయిదాను జతపరుస్తున్నాను. మీ సవరణల కోసం ఎదురు చూస్తుంటాను. విభాగాధిపతిగారు కల్పించిన సౌకర్యాలను, వారు అనుమతిస్తే, కృతజ్ఞతల భాగంలో ప్రస్తావిస్తాము." ఇందులో ఎవరినీ కాదన్నట్టు ఉండదు, కాదనే పని ఫారమే చేస్తుంది. ఆ ఇద్దరి పేర్ల ఎదురుగా ఏం రాయాలో ఆయనకే తోచదు. అయినా పట్టుబడితే, మీ విశ్వవిద్యాలయంలో పరిశోధన నైతికత చూసే అధికారి ఒకరు ఉంటారు, వారిని కలవండి. సిఫారసు లేఖ భయంతో ఒప్పుకున్న పేరు మాత్రం ఆ పేపరు ఉన్నంతకాలం మీ పేరు పక్కనే ఉంటుంది.

చాట్‌బాట్‌ను రచయితగా చూపకూడదని కోప్, ఐసీఎంజేఈ రెండూ 2023లోనే స్పష్టం చేశాయి, ఎందుకంటే అది బాధ్యత తీసుకోలేదు. భాష దిద్దించుకుంటే జర్నల్ నియమం చూసి, ఆ సంగతి చెప్పండి. వ్యక్తుల వివరాలున్న పట్టికలను మాత్రం అందులో వేయకండి. అది చూపించిన ఆధారాలను ఒక్కొక్కటిగా తెరిచి చూడకుండా పేపరులో చేర్చకండి, లేని పేపర్లను ఉన్నట్టు చెప్పడం దానికి అలవాటే.

ఆశా కార్యకర్త పేరు కృతజ్ఞతల భాగంలో రావాలి. ముందుగా ఫోన్ చేసి ఏమని రాస్తున్నారో తెలుగులో చదివి వినిపించి, ఆమె సరేనన్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. ఒకవేళ ఏ ఇంట్లో ఎవరిని ఎలా అడగాలో ప్రశ్నలు మార్చి ఇచ్చింది ఆమే అయి, ముసాయిదాను తెలుగులో వివరిస్తే చదివి దిద్దడానికీ సిద్ధంగా ఉంటే, ఆమె పేరును ఎక్కడ పెట్టాలో మీరూ మీ ప్రొఫెసరూ మళ్లీ కూర్చుని ఆలోచించవలసి ఉంటుంది.