కుకీకటరా, కాపియరా: టెంప్లేట్ మారితే పాత ప్రాజెక్టుల సంగతి ఏమిటి?

ప్రశ్న

మా బృందం అనేక చిన్న పైథాన్ సర్వీసులను నిర్వహిస్తోంది. కొత్తది మొదలుపెట్టినప్పుడల్లా పాతదాని ఫోల్డర్‌ను కాపీ చేసి పేర్లు మార్చుకుంటున్నాము. డాకర్‌ఫైలులోనో, లాగింగ్ సెట్టింగ్‌లలోనో పాత పేరు మిగిలిపోతూనే ఉంటుంది. అందువల్ల సర్వీసు పేరు, వివరణ, పైథాన్ వెర్షన్ అడిగి ప్రారంభ ఫైళ్లన్నిటినీ తయారుచేసే కమాండ్ లైన్ సాధనం వాడదలచాము. 2013 నుంచి ఉన్నది, సిద్ధంగా ఉన్న టెంప్లేట్లు (ప్రారంభ ఫైళ్ల మూసలు) విరివిగా దొరికేది కనుక కుకీకటర్ వైపు మొగ్గుతున్నాము. రెండు సందేహాలు ఉన్నాయి. టెంప్లేట్‌ను తరువాత సవరిస్తే, దాని నుంచి అప్పటికే తయారైన ప్రాజెక్టులకు ఆ సవరణ ఎలా చేరుతుంది? గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్‌లో కోడ్ పరీక్షల వంటి పనులను వాటంతట అవే నడిపే వ్యవస్థ) ఫైలును టెంప్లేట్‌లో చేర్చగానే, నిర్వచించని వేరియబుల్ ఉందంటూ కుకీకటర్ ఎందుకు ఆగిపోతోంది?

సమాధానం 1

రెండవ సందేహం తేలికైనది. కుకీకటర్ జింజా టెంప్లేట్లను వాడుతుంది; ఫైలులోని ఖాళీలను విలువలతో నింపేది జింజా. జింజాలోనూ, గిట్‌హబ్ యాక్షన్స్‌లోనూ వేరియబుల్‌ను జంట ఫ్లవర్ బ్రాకెట్ల మధ్యే రాస్తారు కనుక, గిట్‌హబ్ కోసం మీరు రాసిన సీక్రెట్ (పాస్‌వర్డ్ వంటి రహస్య విలువ) పేరును జింజా తనదనుకొని వెతుకుతుంది. ఆ భాగాన్ని రా, ఎండ్‌రా గుర్తుల మధ్య పెడితే దాని జోలికి పోదు. లేదా కుకీకటర్.జేసన్ ఫైలులో _కాపీ_వితౌట్_రెండర్ జాబితాకు ఆ ఫైలును చేర్చవచ్చు. అయితే అప్పుడు ఫైలు లోపలి పాఠం యథాతథంగా వస్తుంది కాబట్టి, అందులో సర్వీసు పేరు నింపుకోవడం కుదరదు. పేరు అవసరమైతే మొదటి పద్ధతే శరణ్యం.

ఇక మొదటి సందేహం: ఫైళ్లను తయారుచేయడంతో కుకీకటర్ పని ముగుస్తుంది. ఏ టెంప్లేట్, దాని ఏ కమిట్ (గిట్‌లో భద్రపరచిన స్థితి) నుంచి ప్రాజెక్టు వచ్చిందన్నది అది తనంతట తానుగా ప్రాజెక్టులో నమోదు చేయదు. కనుక టెంప్లేట్ సవరణ పాత ప్రాజెక్టులకు దానంతటదే చేరదు.

సమాధానం 2

మీ అసలు అవసరం మొదటి సందేహంలోనే ఉంది కనుక, కుకీకటర్ లాంటిదే అయిన కాపియర్ అనే సాధనాన్ని పరిశీలించండి. మీరిచ్చిన జవాబులనూ, టెంప్లేట్ వెర్షన్‌నూ అది ప్రాజెక్టులోనే ఒక యామల్ ఫైలులో (సెట్టింగ్‌లు రాసే పాఠ ఫైలు) భద్రపరుస్తుంది. ఆ ఫైలు తయారయ్యే ఏర్పాటు టెంప్లేట్‌లో ఉండాలి, దానిని చేత్తో దిద్దకూడదు. తరువాత కాపియర్ అప్‌డేట్ అన్నప్పుడు, పాత వెర్షన్‌తో ప్రాజెక్టును తాత్కాలికంగా మళ్లీ తయారుచేసి, దానికీ మీ ప్రస్తుత కోడ్‌కూ ఉన్న తేడాను లెక్కగట్టి, ఆ తేడాను కొత్త వెర్షన్‌పై వర్తింపజేస్తుంది. పొసగని చోట్ల, గిట్ మెర్జ్‌లో (రెండు రూపాలను కలిపేటప్పుడు) ఘర్షణను చూపే గుర్తులే వస్తాయి. ఇందుకు టెంప్లేట్ గిట్ ట్యాగులతో (వెర్షన్ పేర్లతో) ఉండాలి, మీ ప్రాజెక్టులో కమిట్ చేయని మార్పులు ఉండకూడదు.

పైగా, చివర జింజా అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్లనే కాపియర్ నింపుతుంది, మిగిలినవాటిని ఉన్నవి ఉన్నట్లు కాపీ చేస్తుంది కాబట్టి, సర్వీసు పేరు అక్కరలేని యాక్షన్స్ ఫైళ్లకు ఏ జాగ్రత్తా అవసరం లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. చేత్తో కాపీ చేసి తయారుచేసిన పాత సర్వీసులను కూడా దీని కిందికి తేవచ్చునా?

సమాధానం 3

తేవచ్చును. పాత ఫోల్డర్ మీదనే కాపియర్ కాపీ నడిపి, తేడాలను గిట్‌లో ఒక్కొక్కటిగా చూసి, మీకు కావలసిన పాత పంక్తులను నిలుపుకొని కమిట్ చేయండి. అక్కడి నుంచి అప్‌డేట్ పనిచేస్తుంది. విసుగు పుట్టించే పనే, కానీ సర్వీసుకు ఒక్కసారే. కుకీకటర్ టెంప్లేట్‌నే ఉంచుకోవాలనుకుంటే క్రఫ్ట్ అనే సాధనం ఉంది. అది టెంప్లేట్ కమిట్‌ను ప్రాజెక్టులో నమోదు చేస్తుంది, ప్రాజెక్టు వెనుకబడిందో లేదో సీఐలో (ప్రతి మార్పుకూ కోడ్‌ను తనంతట తానే పరీక్షించే వ్యవస్థలో) తనిఖీ చేయడానికి క్రఫ్ట్ చెక్ ఉపయోగపడుతుంది.

ఏది ఎంచుకున్నా, నమూనా ఎండ్‌పాయింట్ల (సర్వీసు అభ్యర్థనలు స్వీకరించే చిరునామాల) వంటివి టెంప్లేట్‌లో పెట్టకండి. వాటిని ఎవరూ తొలగించరు, ప్రతి అప్‌డేట్‌లోనూ అవే అడ్డుపడతాయి. సర్వీసులన్నిటికీ ఉమ్మడిగా నడిచే కోడ్‌ను లైబ్రరీగా విడదీసి, డాకర్‌ఫైలు, సీఐ, లింటర్ (కోడ్‌లో లోపాలు వెతికే సాధనం) సెట్టింగ్‌లను మాత్రమే టెంప్లేట్‌కు వదలండి. రీడ్‌మీ వంటి, ప్రతి బృందమూ తనకు తోచినట్లు తిరగరాసుకొనే ఫైళ్లను _స్కిప్_ఇఫ్_ఎగ్జిస్ట్స్ జాబితాలో చేర్చితే కాపియర్ వాటిని మళ్లీ ముట్టుకోదు.