క్రిస్మస్‌కి చాక్లెట్ ఫడ్జ్ – పోయినేడు పంటికింద ఇసకలా తగిలింది, ఈసారి ఎలా చెయ్యాలి?

సైనిక్‌పురి_వంటిల్లు
అందరికీ నమస్తే. ప్రతి ఏడూ డిసెంబర్ 24 రాత్రి మా చర్చి క్యారల్స్ వాళ్ళు ఇంటికొస్తారు, పిల్లాపెద్దా కలిపి పాతికమంది దాకా. గులాబీ పువ్వులు, ప్లమ్ కేకు ఎప్పుడూ ఉండేవే, పోయినేడు కొత్తగా ఫడ్జ్ (పాకం పట్టి, బర్ఫీలా ముక్కలు కోసే మెత్తటి చాక్లెట్ మిఠాయి) చేద్దామని పంచదార 600 గ్రాములు, కోకో 60, పాలు 360 మి.లీ., బటర్ 60 గ్రాములు పెట్టి, థర్మామీటర్ కూడా కొని, సరిగ్గా 116 డిగ్రీలు వచ్చాకే దింపాను. ముక్కలు చక్కగా తెగాయి, చూడ్డానికి బానే ఉంది కానీ నోట్లో వేసుకుంటే రవ్వ రవ్వగా, పంచదార పలుకులు. పిల్లలు తిన్నారు, పెద్దవాళ్ళు మొహమాటానికి తిన్నారు, నాకు మాత్రం ఆ రాత్రంతా మనసు బాలేదు. ఈసారి మెత్తగా, వెన్నలాగా రావాలి. చేసినవాళ్ళు ఎక్కడ తప్పుతుందో చెప్పండి ప్లీజ్.

తార్నాక_టీచర్
దింపాక ఏం చేశారండీ? వేడిమీదే గరిటె పెట్టి తిప్పారా? నేను మొదటి రెండుసార్లు అక్కడే పాడుచేశాను.

సైనిక్‌పురి_వంటిల్లు
అవునండీ, దింపగానే వెనిలా వేసి చల్లారేదాకా తిప్పుతూనే ఉన్నాను, అడుగంటుతుందేమోనని.

తార్నాక_టీచర్
అదేనండీ. పంచదార గవ్వలు చేసేటప్పుడు చూడండి, వేయించిన గవ్వల్ని వేడి పాకంలో పోసి కలిపేకొద్దీ పాకం తెల్లగా పూత కట్టేస్తుంది కదా, కరిగిన పంచదార మళ్ళీ పలుకులైపోవడం అంటే అదే. గవ్వలకి అది కావాలి, ఫడ్జ్‌కి వద్దు. వేడిగా ఉన్నప్పుడు కదిపితే కొద్ది పలుకులే పుట్టి అవే పెద్దవవుతాయి, నాలుక్కి తగిలేది అవే. బాగా చల్లారాక తిప్పితే ఒక్కసారిగా లెక్కలేనన్ని సన్నటివి పుడతాయి, ఏదీ పెరగడానికి చోటుండదు, అందుకే నున్నగా ఉంటుంది. కాబట్టి దింపాక బటర్, వెనిలా పైన వేసి వదిలెయ్యండి. కలపొద్దు, గిన్నె కదపొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. 45 డిగ్రీల దగ్గరికి రావాలి, అంటే గిన్నె అడుగున అరచెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా ఉండాలి. గంట, గంటన్నర పడుతుంది. ఆ తర్వాత చెక్క గరిటెతో తిప్పడం.

ఇంకోటి, పంచదార పూర్తిగా కరిగేదాకా మంట సిమ్‌లోనే ఉండాలి. మరగడం మొదలయ్యాక గిన్నె అంచుల్లో పలుకులు కనిపిస్తే రెండు నిమిషాలు మూత పెడితే ఆవిరికి కరిగి కిందికి జారిపోతాయి. ఆ రెండు నిమిషాలూ పక్కనుంచి కదలకండి, పొంగుతుంది. నిమ్మరసం నాలుగు చుక్కలు వేసినా మంచిదే, గులాబ్ జామూన్ పాకంలో వేసినట్టే, పంచదార మళ్ళీ పలుకులు కట్టకుండా.

బోడుప్పల్_కోడలు
థర్మామీటర్ ఎందుకక్కా, నేనైతే అరిసెల పాకం లెక్కనే చూస్త. మా అత్తమ్మ సంక్రాంతికి అరిసెలు చేసేటప్పుడు పక్కన గిన్నెల సల్లటి నీళ్ళు పెట్టుకుంటది, పాకం రెండు సుక్కలు అండ్ల ఏసి ఏళ్ళతోని దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలె. ఫడ్జ్‌కి కూడా గదే పాకం. నీళ్ళల్ల ఉన్నప్పుడు ఉండ నిలవాలె, బయటికి తీసి ఏళ్ళ మధ్యల పెడితే మెల్లగ అణిగిపోవాలె. నీళ్ళల్లనే కరిగిపోతె ఇంక కాలేదన్నట్టు, తీసినంక గట్టిగ గోలీ లెక్క ఉంటె ముదిరిందన్నట్టు. సూసేటప్పుడు మాత్రం పొయ్యి బందు చెయ్యాలె, లేకుంటె మనం ఉండ సూసేలోపల పాకం ముదురుతది. మొదటిసారి చేసిననాడు మా అత్తమ్మనే పక్కన నిలబడి సూసింది, ఆమె ఫడ్జ్ పేరు గూడ ఎన్నడు ఇనలే, అయినా "ఇగ దించు బిడ్డా" అన్నది, కరెక్టుగ సెట్ అయింది.

ల్యాబ్_కోట్_నాన్న
బోడుప్పల్ అక్క చెప్పింది వంద శాతం నిజం. థర్మామీటర్ నమ్మేవాళ్ళకి ఒక మాట: పుస్తకాల్లో 112 నుంచి 116 అని రాసేది సముద్రమట్టం లెక్క. హైదరాబాద్ 500 మీటర్లకి పైన ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్ళు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. పాకానికీ అంతే, ఓ రెండు డిగ్రీలు తక్కువలోనే ఆ పాకం వచ్చేస్తుంది. సైనిక్‌పురి అక్కా, మీరు 116 దాకా ఉంచారంటే ఇక్కడి లెక్కలో 118 అన్నమాట, కాస్త ముదిరింది కూడా. ముందు మరిగే నీళ్ళలో థర్మామీటర్ ముంచి ఎంత చూపిస్తుందో రాసుకోండి, దానికి 13, 14 కలపండి, అక్కడ దింపండి. నేను ఆన్‌లైన్‌లో కొన్నది మరిగే నీళ్ళలో 103 చూపించింది, దాన్ని నమ్మి రెండు బ్యాచ్‌లు లేతగా దింపేశాను, గిన్నెలోంచి చెంచాతో తినాల్సొచ్చింది.

మెహదీపట్నం_స్వీట్‌టూత్
పాకం గొడవ లేకుండా చేసుకోవాలంటే కండెన్స్‌డ్ మిల్క్ పద్ధతి ఉంది కదండీ. 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్‌కి 350 గ్రాముల డార్క్ చాక్లెట్, 30 గ్రాముల బటర్, చిటికెడు ఉప్పు, బటర్ ఉప్పుదైతే అదీ వద్దు. దళసరి గిన్నెలో సిమ్ మీద కరిగించి, నిగనిగలాడుతూ దగ్గరపడగానే బటర్ పేపర్ వేసిన ట్రేలో సర్దెయ్యడమే, ఇరవై నిమిషాల పని. పలుకుల భయం లేదు.

కాకపోతే చాక్లెట్ దగ్గర పొదుపు చూడకండి, ఇది నేను గట్టిగా చెప్తాను. బేకింగ్ షాపుల్లో కిలో బార్లు చవగ్గా ఉంటాయి కదా, చాలావరకు కాంపౌండ్, అంటే కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ పోసింది. కోకో బటర్ ఒంటి వేడికే కరుగుతుంది, 34 డిగ్రీల దగ్గర, అందుకే అసలు చాక్లెట్ నోట్లో జారిపోతుంది. కాంపౌండ్ అంగిట్లో మైనంలా అంటుకుంటుంది. వెనక లేబుల్ చదివి కొనండి. చాక్లెట్ ఒక్కటే విడిగా కరిగించేటట్టయితే గిన్నె, గరిటె పొడిగా తుడవాలి, నీళ్ళ చుక్క పడిందంటే ముద్దకట్టి ఇసకలా విరిగిపోతుంది.

తార్నాక_టీచర్
కండెన్స్‌డ్ మిల్క్ ఫడ్జ్ బాగుంటుంది, కాదనను, నేనూ చేస్తాను. కానీ అది చాక్లెట్ కోవాలా సాగుతుంది. పాకం ఫడ్జ్ కొరికితే ముందు చిన్నగా తునిగి ఆ తర్వాత కరుగుతుంది, ఆ తునగడం దీంట్లో రాదు.

నల్లకుంట_శాకాహారి
నెట్‌లో చాలా రెసిపీల్లో మార్ష్‌మాలో వేస్తారు. అందులో మామూలుగా జెలటిన్ ఉంటుంది, అది జంతువులనుంచి తీసేది. ఇంటికొచ్చేవాళ్ళలో మాలాంటివాళ్ళుంటే కాస్త చూసుకోండి. పైన చెప్పిన రెండు పద్ధతుల్లో ఆ బాధ లేదు, సంతోషం.

బోడుప్పల్_కోడలు
మా ఆడబిడ్డ అమెరికల ఉంటది, ఆమె చెప్పింది, ఈ ఫడ్జ్‌కి అక్కడ పేరొచ్చింది కాలేజీ ఆడపిల్లలతోనేనట. న్యూయార్క్ రాష్ట్రంల వాసర్ కాలేజీల ఎమెలిన్ హార్ట్‌రిడ్జ్ అనే అమ్మాయి 1888ల కాలేజీ వేలంకని 30 పౌన్లు చేసిందంట, అంటే పదమూడున్నర కిలోలు. ఒక్క ఆడపిల్ల అంత చేసిందంటే పాతికమందికి మనం చెయ్యలేమా అక్కా.

సైనిక్‌పురి_వంటిల్లు
అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న సగం కొలతతో చేసి చూశాను. నా థర్మామీటర్ మరిగే నీళ్ళలో 98 చూపించింది, కాబట్టి 112 రాగానే పొయ్యి ఆపి నీళ్ళలో చుక్క వేశాను, ఉండ కట్టింది, వేలిమీద పెట్టుకుంటే మెల్లగా అణిగింది. బటర్ పైన వేసి గిన్నె గట్టుమీద పెట్టి గంటా పావు అటువైపే వెళ్ళలేదు. తర్వాత తిప్పడం మొదలుపెడితే ముందు అద్దంలా మెరుస్తూ సాగింది, ఎనిమిది నిమిషాలకి బరువెక్కింది, పన్నెండో నిమిషంలో ఆ మెరుపు ఉన్నట్టుండి పోయి గరిటె గీసిన గీత గీతలాగే నిలిచింది. వెంటనే ట్రేలో వంచేశాను, ఇంకో అర నిమిషం ఆగితే గిన్నెలోనే గట్టిపడేది. ముక్క నోట్లో పెట్టుకుంటే పలుకన్నదే లేదు! మా ఆయన ఏం మాట్లాడకుండా మూడు తిన్నారు.

పోయినేడుది ఇంకా కొంచెం డబ్బాలో ఉంటే బాగుండేదనిపించింది. అలా రవ్వయినదాన్ని బాగుచెయ్యొచ్చా?

తార్నాక_టీచర్
చెయ్యొచ్చండీ. అరకప్పు నీళ్ళో పాలో పోసి సిమ్ మీద పలుకులన్నీ కరిగేదాకా ఉంచి, మళ్ళీ అదే పాకానికి తెచ్చి, మళ్ళీ చల్లార్చి తిప్పడమే. లేతగా దింపినదానికీ ఇదే మందు. ల్యాబ్ కోట్ గారు చెంచాతో తినకుండా ఇది చెయ్యాల్సింది.

ల్యాబ్_కోట్_నాన్న
అప్పుడు తెలీదండీ, తెలిసుంటే చేసేవాణ్ణే. అక్కా, ఫుల్ కొలత చేసేటప్పుడు గిన్నె పెద్దది తీసుకోండి, మూడింతలు పొంగుతుంది. రెండింతలు ఒకేసారి చెయ్యకండి, తిప్పడం మీ వల్ల కాదు, విడివిడిగా రెండుసార్లు చెయ్యండి.

మెహదీపట్నం_స్వీట్‌టూత్
అక్రోట్లు వేస్తే మెరుపు పోయే ముందే వేసెయ్యండి. బేగంబజార్‌లో కొంటే రుచి చూసి తీసుకోండి, పాతవైతే చేదు వస్తుంది, అలాంటి అక్రోటు ముక్క ఒక్కటున్నా మొత్తం ట్రే రుచి మారిపోతుంది.

సైనిక్‌పురి_వంటిల్లు
శనివారం బేగంబజార్ వెళ్తున్నాను, అక్రోట్లు, బటర్ పేపర్ రెండూ తెస్తాను. 22న ఒక బ్యాచ్, 23న ఒకటి. గాలి తగలని డబ్బాలో పెడితే ఈ చలికి బయటే ఉంచొచ్చు కదా?

బోడుప్పల్_కోడలు
ఉంచొచ్చక్కా, వారం దాక ఏం కాదు. డబ్బా మూత గట్టిగ పెట్టు, లేకుంటె ఈ పొడి గాలికి అంచులు ఎండుతయి. ముక్కలు మాత్రం 24 పొద్దుగాల కొయ్యి.