ఇంట్లో చేసిన డ్రమ్ ఫిల్టర్ ఆగకుండా కడుక్కుంటూనే ఉంది

పెరట్లో 8,000 లీటర్ల కోయి చేపల తొట్టికి 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ముతో ఫిల్టర్ చేశాను. చుట్టూ 60 మైక్రాన్ల సన్నని రంధ్రాలున్న స్టీల్ మెష్ (జల్లెడ), తిప్పడానికి కారు వైపర్ మోటార్. తొట్టి నీళ్లు 4 అంగుళాల పైపులో వాటంతట అవే డ్రమ్ము లోపలికి వస్తాయి. మెష్ దాటాక పంపు గంటకు 6,000 లీటర్ల చొప్పున తిరిగి తొట్టిలో పోస్తుంది. మెష్ మూసుకుపోయి డ్రమ్ము బయటి నీటి మట్టం 5 సెంటీమీటర్లు తగ్గితే, మట్టాన్ని బట్టి పనిచేసే ఫ్లోట్ స్విచ్ డ్రమ్మును తిప్పి, నాజిళ్లతో మెష్ మీద నీళ్లు చిమ్మి కడగడం మొదలుపెడుతుంది.

కొత్తలో గంటకోసారి కడిగేది. ఇప్పుడు రాత్రిపూట, మేత లేకపోయినా, నాలుగైదు నిమిషాలకోసారి తిరుగుతోంది. నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి, అదే విచిత్రం!

మా బోరు నీళ్లకు బకెట్లే తెల్లగా గార కడతాయి కాబట్టి మెష్ విప్పి వెనిగర్‌లో నానబెట్టాను. పెద్దగా తేడా లేదు. ఫ్లోట్ స్విచ్ మార్చాను. పైపులో అడ్డేమీ లేదు. కార్లు కడిగే ప్రెషర్ వాషర్‌తో కొడితే మాత్రం ఒకటి రెండు రోజులు బాగా నడిచి, మళ్లీ మొదటికొస్తోంది. ప్రస్తుతం నాలుగు నాజిళ్లకూ కలిపి ఒకటే అర హెచ్‌పీ పంపు. అది నడుస్తున్నప్పుడు గేజ్‌లో 1.5 బార్ ప్రెషర్ చూపిస్తోంది.

ఇంత సన్నని మెష్ శుభ్రపడాలంటే నాజిల్ దగ్గర కనీసం ఎన్ని బార్‌ల ప్రెషర్ ఉండాలి?